అడిగేవారుండరు

కాకినాడ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వారి పెద్దబ్బాయి ఈ అక్టోబరులో జర్మనీలో పై చదువుకు చేరబోతున్నాడట. వెంట పంపే సామాను పట్టిక నాలుగు పేజీలు జతచేసి, "ఇందులో ఏమైనా మరిచానేమో కాస్త చూసి చెప్పండి" అన్నారు. చూశాను. ఇడ్లీ పాత్ర, రెండు కుక్కర్లు, అయిదు రకాల పచ్చళ్ళు, కందిపొడి, నేతి డబ్బా, పాలకోవా, రగ్గులు, జలుబు మాత్రలు, దేవుడి పటం. ఆ తల్లి ఏమీ మరవలేదు. పైపెచ్చు కొన్ని తీసెయ్యాలి. నెయ్యి, పాలకోవా వంటి పాల సరుకులూ, మాంసంతో చేసినవీ బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి ప్రయాణీకులు వెంట తేకూడదు. కస్టమ్స్ వారి కంటబడితే చెత్తబుట్ట పాలే. కుక్కరు ఒకటి చాలు. బియ్యం, కందిపప్పు, చింతపండు ఓ మోస్తరు ఊళ్ళో దొరుకుతాయి, ధర మాత్రం అడక్కండి. 2023-24 శీతాకాలపు సెమిస్టరు నాటికే అక్కడ చదివే మన దేశపు పిల్లలు 49 వేలు దాటారు. అంతమంది ఉన్నచోట చింతపండు దొరక్కపోతుందా!

సామాను సంగతి ఇంతే. అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆ సోదరి అడగలేదు గాని, అది చెబుదామనే ఈ వారం కలం పట్టాను.

నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో డిగ్రీ పూర్తిచేసి, 2017లో గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీకి చేరాను. జర్మనీకి ఇంచుమించు నడిమధ్యన, లక్ష పైచిలుకు జనం ఉన్న ఊరు అది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైల్లో రెండు గంటలు పట్టదు. గణితంలో మేటి అయిన గౌస్ పనిచేసిన చోటు. పాత పురపాలక భవనం ముందు బాతులు పట్టుకున్న పల్లెపడుచు విగ్రహం ఒకటుంది. డాక్టరేటు పుచ్చుకున్న ప్రతివారూ ఆ మెట్లెక్కి విగ్రహాన్ని ముద్దుపెట్టుకోవడం అక్కడి ఆచారం. ఊరంతా సైకిళ్ళే. చూడగానే నచ్చే ఊరు.

కాని మొదటి రెండు వారాలూ ఊరు చూసే తీరిక ఉండదు. కాగితాలతోనే సరిపోతుంది. గదిలో దిగిన రెండు వారాల్లోగా ఊరి కచేరీలో పేరు నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటివారి సంతకం ఉన్న కాగితం కావాలి. ఆ నమోదు పత్రం లేనిదే నివాసానుమతి పని ముందుకు నడవదు. ఆరోగ్య భీమా లేనిదే విశ్వవిద్యాలయం చేర్చుకోదు. ఇవన్నీ అయి కాస్త ఊపిరి పీల్చుకునేసరికి రేడియో, టెలివిజను రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది. నా దగ్గర టెలివిజను లేదు మొర్రో అన్నా వినరు. ఇంటికింత అని లెక్క. 2021 ఆగస్టు నుంచి అది నెలకు 18 యూరోల 36 సెంట్లు.

డబ్బు విషయం తండ్రులు వినవలసింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలామటుకు చదువుకు జీతం లేదన్నమాట నిజమే. అన్నిచోట్లా అనుకోకండి. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మనబోటి వారికి సెమిస్టరుకు 1500 యూరోలు వేశారు. జీతం లేకపోయినా తిండీ, అద్దే ఉన్నాయి గదా. వీసాకు ముందే ఏడాది ఖర్చు ఒక ప్రత్యేకమైన ఖాతాలో వేసి చూపాలి. అందులోంచి నెలకింత అని మాత్రమే తీసుకోనిస్తారు. నేను వెళ్ళిననాడు అది నెలకు 720 యూరోలు. 2024 సెప్టెంబరు నుంచి 992 చేశారు, అంటే ఏడాదికి 11,904. మన రూపాయల్లోకి మార్చి చూసుకుంటే, ఏ ఇంట్లోనైనా ఓ పూట మాటలు తగ్గుతాయి.

ఇక హాస్టలు. మా అంతస్తులో ఎనిమిది గదులకు ఒక వంటిల్లు. ఫ్రిజ్‌లో తలకొక అర. ఈ వారం నేల ఎవరు తుడవాలి, చెత్త ఎవరు దింపాలి అన్న పట్టిక గోడకు అంటించి ఉండేది. చెత్త అంటే ఒక్క చెత్త కాదు. కాగితాలు ఒకచోట, ప్లాస్టిక్ ఒకచోట, కూరగాయల తొక్కులు మరోచోట. ఖాళీ సీసాలను దుకాణంలో యంత్రానికి అందిస్తే, రకాన్నిబట్టి ఒక్కోదానికి ఎనిమిది నుంచి ఇరవై అయిదు సెంట్ల దాకా తిరిగిస్తుంది. నెలాఖరున మన పిల్లలకు ఇది చిన్న ఆదాయం కాదు. పోపు పెట్టే ముందు కిటికీ తీయాలి, తలుపు మూయాలి. ఎండుమిరపకాయ పొగకు కప్పుమీది గంట మోగిందంటే ఎనిమిది గదుల వారూ చలిలో చెప్పుల్లేకుండా బయట నిలబడవలసిందే. రాత్రి పది దాటితే గట్టిగా మాట్లాడకూడదు. ఆదివారం దుకాణాలు మూత. వీధులు హర్తాళ్ నాటి బెజవాడను తలపిస్తాయి. శనివారం సాయంత్రమే పాలూ, రొట్టె తెచ్చి పెట్టుకోవాలి.

అక్కడివారు పలకరించరని మనవాళ్ళు తరచు ఆడిపోసుకుంటారు. నా పక్కగది జర్మను అమ్మాయి మొదటి నెలంతా "హలో" తప్ప మరో మాట ఆడలేదు. నవంబరులో నాకు జ్వరం తగిలి రెండు రోజులు వంటింటికి పోకపోతే, తలుపు తట్టి, సోంపు వేసి కాచిన టీ ఫ్లాస్కు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళింది. పలకరింపుకీ ఆప్యాయతకీ అక్కడ లంకె లేదనిపించింది నాకు.

క్లాసులు మరీ చోద్యం. కాలపట్టికలో పది గంటలని ఉంటే పాఠం పదింబావుకి మొదలు. పక్కన "సి.టి." అని రెండక్షరాలు వేస్తారు, పావుగంట ఆలస్యంగా అని లాటినులో దాని భావం. "ఎస్.టి." అని ఉందంటే మాత్రం సరిగ్గా పదికే. పాఠం ముగియగానే విద్యార్థులంతా వేళ్ళ కణుపులతో బల్లమీద టకటక కొడతారు. అది అల్లరి కాదు, వారి చప్పట్లు. మార్కులు తలకిందులు. 1.0 వస్తే అందరికంటె మేటి, 4.0 గట్టెక్కినట్టు, 5.0 తప్పినట్టు. మొదటి పరీక్షలో 1.3 వచ్చిందని ఫోనులో చెబితే మా నాన్నగారు కాసేపు ఏమీ అనలేదు. తరువాత నెమ్మదిగా, "పోనీలే అమ్మా, ఆరోగ్యం జాగ్రత్త" అన్నారు.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఓ నెల తిరిగేసరికి ఎవరికైనా అలవాటవుతాయి. అలవాటు కానిది మరొకటి. అక్కడ ఎవరూ అడగరు.

మన కాలేజీలు ఎలాంటివో మీకు తెలియనిది కాదు. పొద్దున హాజరు పిలుస్తారు, అది తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. నెలనెలా పరీక్షలు, ఇంటికి ఉత్తరాలు. నాలుగు రోజులు కనబడకపోతే లెక్చరరుగారే, "ఏమయ్యాడురా వాడు?" అంటారు. ఇంటర్మీడియట్‌లోనైతే చెప్పనే అక్కర్లేదు, పొద్దున అయిదింటికి నిద్ర లేపడం దగ్గర నుంచి రాత్రి దీపం ఆర్పడం దాకా మరొకరి చేతిలో పని. అలా ఇరవై రెండేళ్ళు పెరిగిన పిల్లవాడిని తీసుకెళ్ళి, ఇక నీ ఇష్టం అని వదిలేస్తే ఎలా ఉంటుంది?

జర్మనీలో అలా వదిలేయడమే పద్ధతి. లెక్చరు క్లాసులకు హాజరు పిలవరు, ప్రయోగశాలలకూ కొన్ని సెమినార్లకూ తప్ప. వస్తే వచ్చావు, లేకపోతే లేదు. విద్యార్థి పెద్దవాడు, ఏం చదవాలో ఎలా చదవాలో తనే తేల్చుకుంటాడు అన్నది వారి పాత సిద్ధాంతం. 1810లో బెర్లిన్‌లో పాఠాలు మొదలుపెట్టిన విశ్వవిద్యాలయానికి దారివేసిన హంబోల్ట్ పేరు దీనికి చెబుతారు. (మన హైదరాబాదులో పుట్టి, 1967లో రాష్ట్రపతి అయిన జాకీర్ హుస్సేన్ గారు 1926లో డాక్టరేటు పుచ్చుకున్నది ఆ విశ్వవిద్యాలయం నుంచే.) గొప్ప సిద్ధాంతమే, కాదనను. కాని అలవాటు లేనివాడికి అది ఈత నేర్పకుండా గోదాట్లోకి దింపడమే.

మా అంతస్తులోనే నెల్లూరు వైపు అబ్బాయి ఒకడుండేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. తెలివైనవాడు, మర్యాదస్తుడు. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తీసి పంపారు. ఆ అప్పు వాడి మనసులో ములుకులా ఉండేది. చేరిన మూడో నెలలోనే పార్సిళ్ళ గోదాములో రాత్రి పని చూసుకున్నాడు. చట్టం ఒప్పుకున్నంత మేరకే లెండి. అప్పట్లో విద్యార్థులు ఏడాదికి 120 పూర్తి రోజులు పనిచేయవచ్చు, 2024 మార్చి నుంచి అది 140 అయింది. రాత్రి పని, పగలు నిద్ర. డిసెంబరులో అక్కడ పొద్దున ఎనిమిది దాటితేగాని వెలుతురు రాదు, సాయంత్రం నాలుగుంబావుకల్లా పొద్దు గూకుతుంది. వాడు నిద్ర లేచేసరికి మళ్ళీ చీకటే. వారాల తరబడి సూర్యుణ్ణి చూడలేదని నవ్వుతూ చెప్పేవాడు. క్లాసులకు పోవడం మానాడు. ఎవరూ ఎందుకని అడగలేదు.

ఇంటి నుంచి రోజూ ఫోను వచ్చేది. అక్కడ సాయంత్రం నాలుగైతే మనకు రాత్రి ఎనిమిదిన్నర. "తిన్నావా?" "తిన్నాను." "చదువు బాగా సాగుతోందా?" "సాగుతోంది." "చలిగా ఉందా?" "ఉంది." రోజూ ఇవే మూడు ప్రశ్నలు, ఇవే మూడు జవాబులు. వాడి తల్లిదండ్రులు అమాయకులేమీ కాదు. ఆ ప్రశ్నలే అబద్ధానికి సుఖంగా ఉండేవి.

అక్కడ పరీక్షకు కూర్చోవాలంటే గడువులోగా కంప్యూటరులో పేరు నమోదు చేసుకోవాలి. ఏడాదంతా ముందు వరసలో కూర్చుని విన్నా, నమోదు లేకపోతే పరీక్ష లేదు. ఇవాళ ఆఖరు తేదీ అని చెవిలో చెప్పేవారుండరు. చాలాచోట్ల ఒక పరీక్షకు మూడే అవకాశాలు. మూడోసారీ తప్పితే పేరు కొట్టేస్తారు. దేశంలో మరో విశ్వవిద్యాలయంలో అదే చదువు కొనసాగించే వీలు కూడా మామూలుగా ఉండదు. విద్యార్థి కానివాడికి విద్యార్థి వీసా నిలవదు. మనవాడు రెండు పరీక్షలకు నమోదు గడువు దాటబెట్టాడు. ఇంకొకటి రెండుసార్లు రాసి రెండుసార్లూ 5.0 తెచ్చుకున్నాడు. ఇవేవీ ఇంట్లో తెలియవు. ఆ మాటకొస్తే నాకూ తెలియదు.

రెండో ఏడు డిసెంబరులో ఓ సాయంత్రం నేను వంకాయ వేయిస్తున్నాను. వాడు బంగాళాదుంపలు తరుగుతూ, ఫోను బల్లమీద పెట్టి వాళ్ళమ్మతో మాట్లాడుతున్నాడు. ఆవిడ ఏ ధోరణిలో ఉందో, "రేపు పొద్దున ఏం క్లాసురా నాన్నా? ఏం చెబుతున్నారిప్పుడు?" అంది. వాడు కత్తి ఆపేశాడు. ఏదో ఒక పేరు చెప్పవచ్చు, ఆవిడకేం తెలుస్తుంది? చెప్పలేకపోయాడు. "అమ్మా, మళ్ళీ చేస్తా" అని ఫోను పెట్టేసి అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. ఆ రాత్రి పనికి పోలేదు. జరిగిందంతా నాకు చెప్పాడు.

మర్నాడు ఇద్దరం వాళ్ళ శాఖలో విద్యార్థులకు సలహా చెప్పే ఉద్యోగిని దగ్గరకు వెళ్ళాం. ప్రతి శాఖలోనూ అలాంటివారు ఒకరుంటారు. ఆవిడ తిట్టలేదు, జాలీ పడలేదు. కాగితం తీసి, మిగిలిన పరీక్షలన్నీ వరసగా రాసి, ఏది ఈ సెమిస్టరు, ఏది వచ్చే సెమిస్టరు అని గీతలు గీసింది. హాస్టళ్ళూ భోజనశాలలూ నడిపే విద్యార్థి సంక్షేమ సంస్థలోనే మనసు బాగోలేనివారి గోడు వినే నిపుణులు కూడా ఉన్నారని, డబ్బు పుచ్చుకోరని చెప్పి, ఆ గది నెంబరు రాసిచ్చింది. అడిగితే చాలు, సాయం అంతా ఉంది. అడిగేదాకా మాత్రం ఒక్కరూ కదలరు.

ఆ ఆదివారం వాడే ఇంటికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. తండ్రిగారు చాలాసేపు మాట్లాడలేదట. ఆఖరికి, "అప్పు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ముందు రాత్రిళ్ళు నిద్రపో" అన్నారట. ఫిబ్రవరిలో మూడోసారి రాశాడు. 3.7 వచ్చింది. రెండేళ్ళ చదువు మూడేళ్ళయింది, అంతే.

తల్లిదండ్రులు ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. మీరు స్వయంగా విశ్వవిద్యాలయానికి రాసి, మా అబ్బాయి ఎలా చదువుతున్నాడని అడిగితే జవాబు రాదు. పద్దెనిమిదేళ్ళు నిండినవాడి సంగతులు వాడి అనుమతి లేనిదే కన్నవారికి కూడా చెప్పరు. కాబట్టి మీకున్న దారల్లా ఆ ఫోను ఒక్కటే. అందులో మార్కులు అడగకండి, అడిగితే అంకె చెబుతారు. ఏ రోజు ఏ క్లాసో, పాఠం చెప్పే ఆయన ఎలా ఉంటాడో, పక్కన కూర్చునేది ఏ దేశపు వారో, ఈ వారం ఎండలో ఎప్పుడు నడిచాడో అడగండి. జవాబుల్లో పేర్లూ, మనుషులూ ఉంటే దిగుల్లేదు. అన్నీ "బాగుంది" అనే ఒక్క మాటలో ముగుస్తుంటే, మర్నాడు ఇంకోసారి ఫోను చేయండి. కోపంతో కాదు సుమండీ.

నెల్లూరులో ఆ తల్లి తరువాత ఓ పని చేసింది. కొడుకును అడిగి పరీక్షల నమోదు ఆఖరు తేదీలన్నీ వంటింటి క్యాలెండరు మీద పాల లెక్క పక్కన రాసి పెట్టుకుంది. నమోదును జర్మనులో "ఆన్‌మెల్డుంగ్" అంటారు. ఆ మాట ఆవిడకు నోరు తిరిగేది కాదు. వారం ముందు నుంచే ఫోను చేసి, "ఆ మెల్డింగో ఏదో ఉంది కదరా, అది చేశావా?" అనేది. మా అంతస్తులో మిగతా ఏడు గదులవారమూ ఆవిడ పుణ్యమా అని గడువు దాటకుండా నమోదు చేసుకునేవాళ్ళం.