రూములో ఆటలమ్మ పోస్తే డ్యూటీకి పోవాలా, మానాలా?

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, రూములో మా అన్నకి అమ్మవారు పోసింది. నాకేం లేదు. డ్యూటీకి పోవాలా, మానాలా?" కింద నలభై మంది జవాబులు పెట్టారు. సగం మంది "ఎవరికీ చెప్పకు, నోరు మూసుకుని పో" అన్నారు. సగం మంది "వేపాకు ఎక్కడ దొరుకుతుందో చూడు" అన్నారు. ఆ అబ్బాయికి కావాల్సిన జవాబు ఎవరూ ఇవ్వలేదు. నేనూ ఆ రోజు ఏం రాయలేదు. ఎందుకంటే కిందటి ఏడాది మా రూములోనే ఇది జరిగింది, అప్పుడు నేను చేసిన పని నాకే నచ్చదు. ఈ రోజు రాస్తున్నాను.

కువైట్‌లో, హసావిలో మా ఫ్లాటు. మూడు గదులు, ఎనిమిది మందిమి, ఒకటే వంటగది. ఒక గదిలో నేను, మా బావమరిది. నేను కంపెనీ వ్యాను డ్రైవర్ని. బావమరిది క్లీనింగ్ కంపెనీలో. ఇద్దరివీ పద్దెనిమిదో నంబరు వీసాలే. మా ఆవిడ ఖాదిమ్ వీసా మీద కఫీల్ ఇంట్లోనే ఉండి పనిచేస్తుంది. శుక్రవారం సెలవు ఇస్తే రూముకి వస్తుంది. ఆ శుక్రవారం వచ్చింది, చేపల పులుసు పెట్టింది, ముగ్గురం కలిసి తిన్నాం, రాత్రికి దింపి వచ్చాను. శనివారం తెల్లారి బావమరిది చొక్కా విప్పి చూపించాడు. వీపంతా నీటి పొక్కులు.

నాకు చిన్నప్పుడే పోసింది. మా ఫ్లాటులో మిగతా ఆరుగురికీ అంతే. అందరం "హమ్మయ్య" అనుకున్నాం. మా ఆవిడ ఊరికి ఫోన్ చేసి వాళ్ళమ్మని అడిగింది. మా అత్తగారు చెప్పింది ఇదీ: "మీ ఇద్దరికీ పోయలేదమ్మా. ఊళ్ళో అందరికీ పోసిన ఏడు మీరు మేనత్త ఇంటి దగ్గర ఉన్నారు."

ఇంకో సంగతి. మా ఆవిడ పనిచేసే ఇంట్లో మేడమ్‌కి ఎనిమిదో నెల.

మా ఆవిడ ఆ రాత్రే అంది, "ఏమండీ, మేడమ్‌కి చెప్పేస్తాను" అని. నేను వద్దన్నాను. "నీకేమన్నా వచ్చిందా? రాలేదు కదా. వస్తే అప్పుడు చూద్దాం. ఇప్పుడు చెబితే రేపే మక్తబ్‌కి పంపేస్తుంది, ఇంటికి టికెట్ కొట్టేస్తుంది" అన్నాను. ఊళ్ళో డ్వాక్రా వాయిదా, పిల్ల ఫీజు అన్నీ గుర్తుచేశాను. శని, ఆది, సోమ, మంగళ, బుధ, రోజూ ఫోన్లో ఇదే గొడవ. గురువారం నన్ను అడక్కుండానే చెప్పేసింది. "రోజూ ఆవిడకి అన్నం నా చేత్తో పెడుతున్నానండీ, నావల్ల కాదు" అంది.

మేడమ్ ముందు కేకలేసింది. తర్వాత వాళ్ళ డాక్టరుకి ఫోన్ చేసింది. రక్తపరీక్ష చేయించారు. ఆవిడకి ఎప్పుడూ ఆటలమ్మ రాలేదు, టీకా కూడా లేదు. అప్పుడు మా ఆవిడని ఒక్క మాట అడిగిందట: "శనివారమే ఎందుకు చెప్పలేదు?" ఆ మాట నన్ను అడగాల్సింది.

డాక్టరు చెప్పింది మనందరికీ పనికొస్తుంది కాబట్టి రాస్తున్నాను. ఆటలమ్మ ఉన్నవాళ్ళ దగ్గర మెసిలాక 10 రోజుల నుంచి 21 రోజుల లోపు ఎప్పుడైనా బయటపడొచ్చు. పొక్కులు కనపడడానికి ఒకటి రెండు రోజుల ముందే ఇంకొకరికి అంటుతుంది. అందుకే "వస్తే అప్పుడు చూద్దాం" అన్న నా తెలివి పనికిరాదు. చూసేసరికే అంటించేసి ఉంటాం. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా అంటుతూనే ఉంటుంది. ఒకసారి వచ్చిపోయినవాళ్ళకి మామూలుగా మళ్ళీ రాదు. పిల్లలకి తేలిగ్గా పోయేది పెద్దవాళ్ళకి గట్టిగా వస్తుంది, ఊపిరితిత్తులకి పట్టొచ్చు. గర్భిణికి ఇంకా ప్రమాదం. కాన్పు ముందూ వెనకా వస్తే పుట్టిన బిడ్డ ప్రాణం మీదికి రావచ్చు.

ఇంకో మాట కూడా చెప్పాడు. రానివాళ్ళు మూడు రోజుల్లో, మహా అయితే అయిదు రోజుల్లో టీకా వేయించుకుంటే చాలామందికి రాకుండా ఆగుతుందట. మా ఆవిడ చెప్పేసరికి ఆరో రోజు. ఆ అయిదు రోజులూ నేను ఫోన్లో గొడవ పెట్టుకుంటూ తినేశాను.

ఎనిమిదో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు దాకా, అంటే 14 రోజులు పనికి రావద్దన్నారు. శుక్రవారానికి బావమరిది పొక్కులన్నీ ఎండిపోయాయి, డాక్టరు చూసి సరే అన్నాక మా ఆవిడ రూముకి వచ్చింది. జీతం నెలకి 120 దినార్లు. 14 రోజులకి 56 దినార్లు కోసేశారు. ఇరవై ఒక్క రోజులూ గడిచాయి. ఒక్క పొక్కు కూడా రాలేదు. మళ్ళీ పనిలో చేరింది. మేడమ్‌కి సుఖంగా కాన్పయింది, బాబు.

అప్పుడు మా వాళ్ళే నవ్వారు. "చూశావా, ఏం రాలేదు. అనవసరంగా 56 దినార్లు పోగొట్టుకున్నారు" అని. నేను రాయాలనుకున్నది ఈ మాట గురించే.

ఏం రాలేదు కాబట్టి చెప్పడం తప్పా? వ్యాను తోలేవాడిని, నా లెక్కలో చెబుతాను. బ్రేకు పట్టడం లేదని తెలిసి బండి ఆపేస్తే, ఆ రోజు రోడ్డు మీద ఎవరూ అడ్డం రాలేదు కాబట్టి ఆపడం దండగ అంటామా? గురువారం నాడు మా ఆవిడకి తెలిసినవి మూడే. తనకి ఎప్పుడూ రాలేదు. తమ్ముడికి వచ్చింది. ఆ ఇంట్లో ఎనిమిది నెలల గర్భిణి ఉంది. ఆ మూడూ తెలిశాక దాచడానికి ఆవిడకి మనసొప్పలేదు. నాకు ఒప్పింది. అదే నా సిగ్గు.

అలాగని రూములో ఎవరికైనా జబ్బు చేస్తే అందరూ పనులు మానేయండి అని నేను అనను. మా ముగ్గురికీ ఒక్కటే జబ్బు, కానీ లెక్కలు మూడు. నాకు చిన్నప్పుడే వచ్చింది కాబట్టి నేను రోజూ డ్యూటీ చేశాను. సూపర్‌వైజర్‌కి విషయం చెప్పే చేశాను. బావమరిది మొదటి రోజే క్లినిక్‌కి పోయి కాగితం తెచ్చుకున్నాడు. ఫోర్‌మెన్ "మందు రాసుకుని రా" అన్నాడు. వాడు కాగితం ఫొటో పంపి పడుకున్నాడు. పద్దెనిమిది వీసా వాళ్ళకి 2010 నాటి 6వ నంబరు చట్టం ప్రకారం, డాక్టరు కాగితం ఉంటే ఏడాదికి 15 రోజులు పూర్తి జీతంతో జబ్బు సెలవు ఉంది. ఆ తర్వాత రోజులకి ముప్పావు, సగం, పావు అలా తగ్గుతుంది. వాడికి ఒక్క దినారు కూడా కోయలేదు. మనలో చాలామందికి ఈ సెలవు ఉందనే తెలియదు. రెండు పనడాల్ వేసుకుని బస్సెక్కేస్తాం.

మా ఆవిడకి వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, ఆవిడకి జబ్బు లేదు. సెలవు జబ్బు చేసినవాడికి. జబ్బు రావచ్చు అన్నవాడికి, పక్క మంచం మీద మనిషిని చూసుకునేవాడికి ఆ చట్టంలో జీతంతో సెలవు కనపడలేదు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి వేరే చట్టం, 2015లో వచ్చిన 68వ నంబరుది. అందులో వైద్యం యజమాని బాధ్యత అని ఉంది. కానీ జబ్బు లేకుండా ఆగిన రోజులకి జీతం ఎవరిస్తారు? ఆ డబ్బు ఎప్పుడూ మన జేబులోంచే పోతోంది. కాబట్టి దాచేవాడిని దొంగ అని తిట్టడానికి నాకు నోరు రాదు. నేనూ ఆ బండిలో కూర్చున్నవాడినే.

అయినా దాస్తే ఏమవుతుందో మనకి తెలుసు. 2020 ఏప్రిల్ 6న జలీబ్, మహబూలా మూసేశారు. హసావిలో ఉన్నవాళ్ళకి ఆ రోజులు చెప్పక్కర్లేదు. దగ్గు వచ్చినవాడు దుప్పటి నోట్లో కుక్కుకుని దగ్గాడు, పక్కవాడికి వినపడకూడదని. జ్వరం ఉందని తెలిస్తే ఎక్కడికో తీసుకుపోతారని భయం. అలా దాచి ఒక గదిలోంచి ఇంకో గదికి పాకించాం. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. భయపడ్డవాళ్ళు.

మన ఊళ్ళో ఎలా ఉండేది? అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపకొమ్మ కట్టేవాళ్ళు. అంటే ఏమిటి? ఈ ఇంట్లో అమ్మవారు ఉంది, లోపలికి రాకండి అని ఊరందరికీ చెప్పడం. ఆ ఇంట్లోవాళ్ళు బయటికి పోయేవాళ్ళు కాదు, పక్కింటివాళ్ళు పాలో మజ్జిగో అరుగు మీద పెట్టి పోయేవాళ్ళు. మనం ఇక్కడ వేపాకు కోసం వెతుకుతున్నాం గానీ ఆ కొమ్మ ఎందుకు కట్టారో మర్చిపోయాం. పడక మీద వేపాకు వేసుకోండి, నేను వద్దనను. కానీ డాక్టరు దగ్గరికి మొదటి రోజే పోండి. పెద్దవాళ్ళకి మందు ఉంది, పొక్కులు వచ్చిన 24 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అమ్మవారికి మందు వేయకూడదని ఆగకండి.

చివరిగా నేననుకున్నవి చెబుతాను.

ఒకటి, ఈ రోజే ఇంటికి ఫోన్ చేసి అమ్మని అడగండి. నాకు ఆటలమ్మ పోసిందా, తట్టు వచ్చిందా, గవదబిళ్ళలు వచ్చాయా అని. జబ్బు వచ్చాక కంగారులో అడిగే బదులు ఇప్పుడే రాసి పెట్టుకోండి.

రెండు, మీరు పనిచేసే చోట ఎవరున్నారో చూసుకోండి. గర్భిణి, పసిబిడ్డ, ముసలివాళ్ళు, పెద్ద జబ్బుకి మందులు వాడేవాళ్ళు ఉంటే అక్కడ దాచకండి. చెప్పడానికి భయమైతే ముందు క్లినిక్‌కి పోండి, డాక్టరు చేత కాగితం రాయించుకోండి. మన మాట కంటే కాగితం మాటకి విలువెక్కువ.

మూడు, ఏ జబ్బుకి ఆ లెక్క. పక్కవాడికి జలుబు అని మనం మానక్కర్లేదు. పక్కవాడికి టీబీ అని తేలితే మనం పరీక్ష చేయించుకోవాలి గానీ, దగ్గు ఏమీ లేకపోతే డాక్టరుని అడిగి పని చేసుకోవచ్చు. రెండు వారాలు దాటిన దగ్గుని మాత్రం దాచకూడదు. పంపేస్తారన్న భయం ఉత్తది అని నేను అనను. కానీ ఒకే గదిలో ఎనిమిది మంది పడుకునేచోట ఆ దగ్గు ఒక్కడిది కాదు.

నాలుగు, డబ్బు. మా ఫ్లాటులో ఇప్పుడు నెలకి మనిషికి ఒక్క దినారు గల్లాలో వేస్తున్నాం. ఎనిమిది మంది, ఏడాదికి 96 దినార్లు. ఇంట్లో జబ్బు వల్ల, తప్పు లేకుండా ఎవరి జీతం ఆగినా అందులోంచి ఇస్తాం. మా ఆవిడ 56 దినార్లు పోయినప్పుడు ఇది లేదు. బావమరిది తన జీతంలోంచి 20 తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. మిగతాది అప్పు చేశాం. ఒక చాయ్, ఒక ఖుబ్బూస్ ఖర్చు ఇది. ఆ గల్లా ఉండి ఉంటే ఆ శనివారం రాత్రే నేను "చెప్పేయ్" అనేవాడినేమో. అనేవాడినో కాదో ఇప్పుడు ఒట్టు పెట్టి చెప్పలేను. కానీ "వద్దు" అనడానికి నా దగ్గర సాకు మాత్రం ఉండేది కాదు.

ఆ తమ్ముడికి జవాబు: ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి. నీకు చిన్నప్పుడు పోసి ఉంటే, మీ వాళ్ళకి చెప్పి డ్యూటీకి పో. పోయకపోతే ఇవాళే క్లినిక్‌కి పో, టీకా గురించి అడుగు, ఎన్ని రోజులు ఆగాలో కాగితం మీద రాయించుకో. జీతం కోస్తే ఇక్కడ కింద రాయి. మా గల్లాలో ఇప్పటికి 40 దినార్లు ఉన్నాయి. ఎంతో కొంత సర్దుతాం.