ట్యాంకు నింపాదిగా నిండుతోందా?

పొద్దున్నే బడికెళ్లే పిల్లలు, ఆఫీసుకెళ్లే పెద్దలు వరుస కట్టే వేళ ఫ్లష్ ట్యాంకు నిండటానికి పావుగంట పడితే ఇంటిల్లిపాదికీ ఇబ్బందే. ప్లంబర్‌ని పిలిచేముందు ఇవి చూడండి.

* మిగతా కుళాయిల్లోనూ ధార సన్నగా ఉంటే లోపం ఫ్లష్ ట్యాంకుది కాదు. పై అంతస్తు వాళ్లకి ఈ బాధ ఎక్కువ. డాబా మీది ట్యాంకు మరీ దగ్గరగా ఉండటంతో నీటికి ఒత్తిడి చాలదు.

* కుళాయిలు బాగానే వస్తుంటే యాంగిల్ కాక్ పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి. తెరిచే ఉంటే దాన్ని కట్టేసి, కనెక్షన్ పైపుని ట్యాంకు వైపు విప్పండి. ఆ కొసని బకెట్లో పెట్టి, కాక్‌ని మెల్లగా తిప్పండి. ధార సన్నగా వస్తే కాక్‌లోనో పైపులోనో చెత్త చేరినట్టే. జోరుగా వస్తే లోపం లోపలి వాల్వుదే.

* చాలా వాల్వులకి నీళ్లొచ్చే చోట చిన్న జాలీ ఉంటుంది. ఇసుక, తుప్పు చేరేది అక్కడే. దాన్ని తీసి పాత టూత్‌బ్రష్‌తో కడగండి. బోరునీళ్ల వల్ల తెల్లటి గార కడితే గంటసేపు వెనిగర్‌లో నానబెట్టండి. యాసిడ్ మాత్రం వద్దు. రబ్బరు వాషర్లు పాడవుతాయి.

* నీళ్లు కమోడ్‌లోకి కారిపోతున్నా ట్యాంకు ఓ పట్టాన నిండదు. ట్యాంకులో నాలుగు చుక్కల మిఠాయి రంగు కలిపి, అరగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి. కమోడ్‌లో రంగు కనిపిస్తే అడుగున ఉండే వాషర్ మార్చాల్సిందే. లేదంటే రాత్రీ పగలూ నీళ్లు వృథా!