అకిలీస్‌ది కోపం, స్వార్థం కాదు

హోమర్ ‘ఇలియడ్’ గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది అకిలీస్‌ను ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. బందీగా దక్కిన ఓ స్త్రీ కోసం అలిగి గుడారంలో కూర్చున్నాడట, తోటి గ్రీకులు చస్తున్నా కదల్లేదట, కాబట్టి పచ్చి స్వార్థపరుడట. కావ్యంలో ఉన్నది అది కాదు.

తగవు మొదలైంది గ్రీకు సేనలకు నాయకుడైన రాజు అగమెమ్నాన్ వల్ల. కూతుర్ని విడిపించుకోవడానికి వచ్చిన అపోలో పూజారి క్రిసేస్‌ను ఆయన అవమానించి గెంటేశాడు. దాంతో అపోలో ఆగ్రహానికి సైన్యాన్ని తెగులు పట్టుకుంది. తొమ్మిది రోజులు చూసి, పదో రోజున సభ పిలిచింది అకిలీస్. అసలు కారణం చెప్పడానికి జోస్యుడు కాల్కస్ భయపడితే, నీ జోలికి ఎవరినీ రానివ్వనని అభయమిచ్చిందీ అతడే. అందరి కోసం నోరు విప్పినందుకు తన వాటాగా దక్కిన బందీ బ్రిసేయిస్‌ను పోగొట్టుకున్నాడు. పూజారి కూతుర్ని తిరిగిచ్చి తన వాటా పోగొట్టుకుంటే మరొకరి వాటా లాక్కుంటానన్నది అగమెమ్నాన్. స్వార్థమంటే అదీ!

తొమ్మిదో సర్గలో, పోరు మానుకున్న అకిలీస్ దగ్గరికి అగమెమ్నాన్ రాయబారులు వచ్చారు. పది టాలెంట్ల బంగారం, పన్నెండు పందెపు గుర్రాలు, ఏడు పట్టణాలు, పెళ్లాడేందుకు రాజు కూతురు, బ్రిసేయిస్ కూడా వెనక్కి. లాభం చూసుకునేవాడైతే ఎగిరి గంతేసేవాడు. అకిలీస్ అన్నీ తోసిపుచ్చాడు. తాను 23 పట్టణాలు గెలిచి సొమ్ము తెచ్చి ముందు పెడితే, ఓడల దగ్గరే ఉండిపోయిన రాజు కొంచెం పంచి మిగతాది ఉంచుకున్నాడన్నది అతని ఆరోపణ. దానికి రాయబారుల దగ్గర జవాబు లేదు.

అకిలీస్ నిర్దోషి అని కాదు. గ్రీకులు ఓడిపోవాలని తల్లి థెటిస్ చేత జ్యూస్‌ను అడిగించాడు. తన ప్రాణమిత్రుడు పాట్రొక్లస్‌ను చంపిన ట్రాయ్ వీరుడు హెక్టర్ శవాన్ని రథానికి కట్టి ఈడ్చాడు. పాట్రొక్లస్ చితి దగ్గర పన్నెండుమంది ట్రాయ్ యువకులను నరికాడు. ఇవి ఘోరాలే. అయితే వీటిని చేయించింది కోపం. స్వార్థపరుడు ముందు తన ప్రాణం కాచుకుంటాడు. హెక్టర్ తర్వాత చావు నీదేనని తల్లి చెప్పినా అకిలీస్ యుద్ధానికి కదిలాడు.

ఇక 24వ సర్గ. కొడుకు హెక్టర్ శవం కోసం ట్రాయ్ రాజు ప్రియామ్ వచ్చాడు. ఇచ్చెయ్యమన్నది జ్యూస్ ఆజ్ఞ, అకిలీస్ పరిహారమూ తీసుకున్నాడు. కానీ శవాన్ని ముసలాయన కంటపడకుండా పక్కన కడిగించమని ఏ దేవుడూ చెప్పలేదు. కొడుకును చూసి తండ్రి దుఃఖం పట్టలేక ఏమైనా అంటే, తన కోపం పెచ్చరిల్లి ఆయన్ను చంపేస్తానేమోనని భయపడ్డాడు. శవాన్ని తన చేతులతోనే ఎత్తి పాడె మీద ఉంచాడు. అంత్యక్రియలకు ఎన్నాళ్లు కావాలో తానే అడిగి, 11 రోజులు యుద్ధం ఆపుతానని మాటిచ్చాడు. దీనివల్ల అకిలీస్‌కు ఒరిగిందేమిటో అతణ్ని స్వార్థపరుడనేవాళ్లు చెప్పాలి.