ప్రేమ నవల చదివితే చెడిపోతామా?



హాస్టల్లో ప్రేమ నవల చేతిలో కనబడితే చాలు, "చదువు అటకెక్కించావా?" అంటారు. నా అభిప్రాయం వేరు. అందుకే నాకిష్టమైనవి దాచుకోకుండా చెబుతున్నాను.

నవలల్లో నా ఓటు యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'కి. సినిమాల్లో, కోడూరి కౌసల్యాదేవి నవల ఆధారంగా 1971లో వచ్చిన 'ప్రేమనగర్'కి. పాటల్లో, ఆవిడదే 'చక్రభ్రమణం' నవలను 1964లో 'డాక్టర్ చక్రవర్తి'గా తీసినప్పుడు శ్రీశ్రీ రాయగా ఘంటసాల పాడిన పాటకి. దానికి సంగీతం సాలూరి రాజేశ్వరరావు.

'సెక్రటరీ' కూడా 1976లో సినిమాగా వచ్చింది. అక్కినేని, వాణిశ్రీ, దర్శకుడు కె.ఎస్.ప్రకాశరావు అందరూ 'ప్రేమనగర్' వాళ్లే. అయినా నాకు నవలే ఎక్కువ. తెరమీద వాణిశ్రీని చూస్తాం, పుస్తకంలో జయంతి మనసులో మాట వింటాం. ఎంత డబ్బున్న రాజశేఖరమైనా సరే, ఆమెకు తన ఆత్మాభిమానమే ముఖ్యం. "పాపం, హాస్టలు పిల్లలు" అని జాలి చూపులు పడే మనకు ఆ గుణం పాఠ్యపుస్తకమంత అవసరం.

ఒక్కటే నా ఫిర్యాదు. ఈ కథల్లో హీరోకి కారు, బంగళా తప్పనిసరి. కంచం పట్టుకుని లైన్లో నిలబడేవాడు, సెలవులకి కూలికెళ్లి ఫీజు కట్టుకునే అమ్మాయి ఎక్కడా కనబడరు. మన వాడల్లో ప్రేమలు లేవా? మన ఇళ్లలో పాటలు లేవా?

అందుకని చదవడం మానొద్దు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! బాగా చదవండి. తర్వాత మన కథ మీరే రాయండి. వచ్చే సంచికలో పేజీలు ఖాళీగానే ఉన్నాయి.