వస్తువొకటి... కొలువులు రెండు

వంటింట్లో ఏ వస్తువూ ఒక్క పనికే పరిమితం కాదు. చారులోకి తెచ్చిన చింతపండు ఇత్తడి బిందెను మెరిపిస్తుంది. తలంటుకు కొట్టిన కుంకుడుకాయలు పట్టుచీరనూ ఉతుకుతాయి. ఇలాంటి చిట్కాలు అత్తగారి నుంచి కోడలికి, పక్కింటి నుంచి మనింటికి వస్తూనే ఉంటాయి. ఇప్పుడైతే ఫోన్లోనే రోజుకు పది! వాటిలో ఏది పనిచేస్తుంది, ఏది ఉన్న వస్తువును పాడుచేస్తుంది? తేల్చుకోవడానికి సులువైన దారి ఒకటుంది. చిట్కా వినగానే 'ఎందుకు?' అని అడగడమే.

పులుపు చేసే పని

గాలి, తడి తగిలి రాగి, ఇత్తడి సామాన్ల మీద నల్లటి పొర కడుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ పొరను కరిగిస్తుంది. దీనికి కొత్త చింతపండు అక్కర్లేదు. పులుసు పిండేసిన పిప్పిలో కాస్త ఉప్పు కలిపి రుద్దితే చాలు. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. తడి ఉండిపోతే మళ్ళీ మచ్చలు పడతాయి.

నిమ్మచెక్కలదీ ఇదే గుణం. రసం పిండేసిన చెక్కను కుక్కర్ అడుగున పోసే నీళ్ళలో వేస్తే అల్యూమినియం లోపల నల్లబడదు. బోరునీళ్ళు వాడే ఇళ్ళలో కుళాయిల మీద తెల్లగా గట్టిపడేది చాలావరకు సున్నపు పదార్థమే. నిమ్మచెక్కతో రుద్ది, పావుగంట ఆగి కడిగితే వదులుతుంది.

కారణం తెలిస్తే ఏం చేయకూడదో కూడా తెలిసినట్టే. పులుపు సున్నాన్ని కరిగిస్తుంది కదా! పాలరాయిలో ఉన్నదీ ఆ పదార్థమే. కాబట్టి పాలరాతి గట్టు మీద నిమ్మరసం పోస్తే మెరుపు పోతుంది. అలాగే కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు నిలవ ఉంచితే లోహం పులుసులోకి దిగుతుంది. మన పెద్దవాళ్ళు గిన్నెలకు కళాయి వేయించింది ఇందుకే.

వంటసోడాలో నిమ్మరసం పిండితే బుసబుసా పొంగుతుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ, ఆ పొంగులో సోడా, పులుపు ఒకదాని బలాన్ని మరొకటి తీసేసుకుంటాయి. దేన్ని దానిగా వాడుకోవడమే మేలు. ఫ్రిజ్‌లో వాసన వస్తుంటే చిన్న గిన్నెలో పొడి వంటసోడా పోసి మూత లేకుండా ఓ మూల పెట్టండి.

కుంకుడు నురగ

కుంకుడుకాయల్లో నురగనిచ్చే సాపోనిన్లు ఉంటాయి. సున్నితమైన పట్టు దారాన్ని ఘాటైన డిటర్జెంట్లు దెబ్బతీస్తాయి. చన్నీళ్ళలో కలిపిన కుంకుడు రసం దాని మీద మెత్తగా పనిచేస్తుంది. అయితే రంగు దిగుతుందేమో ముందు కొంగు మూలన చూసుకోండి. గోరువెచ్చటి కుంకుడు నీళ్ళలో బంగారు గొలుసుల జిడ్డూ వదులుతుంది. లక్క నింపిన నగల్ని మాత్రం వేడినీళ్ళలో వేయకండి. లక్క మెత్తబడిపోతుంది.

చదివేసిన పేపరు

మామూలు న్యూస్ పేపరు తడిని బాగా పీలుస్తుంది. వానలో తడిసిన పిల్లల బూట్లలో ఉండలు చుట్టి కుక్కితే త్వరగా ఆరతాయి. అద్దాలు తుడవడానికీ బాగుంటుంది. నున్నటి రంగుల కాగితం ఇంత బాగా పీల్చదు. కానీ వేడివేడి బజ్జీల నూనె పీల్చడానికి మాత్రం పేపరు వాడకండి. సిరా నూనెతో కలిసి తిండిలోకి చేరుతుంది. ఆహార పదార్థాలను పేపర్లో చుట్టవద్దని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించింది.

ఈ కొలువులు మాత్రం వద్దు

టూత్‌పేస్టును కాలిన గాయాలకు రాయకండి. అది వేడిని లోపలే ఉంచేస్తుంది. గాయాన్ని 20 నిమిషాలు కుళాయి ధార కింద ఉంచడమే సరైన ప్రథమ చికిత్స. బ్లీచింగ్ పౌడర్ మీద టాయిలెట్ యాసిడ్ పోస్తే 'ఇంకా బాగా తెల్లబడుతుంది' అనుకోవద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన బాత్‌రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం ఖాళీ కూల్‌డ్రింక్ సీసా. మూతకు సన్నటి రంధ్రం చేసి కుండీలో బోర్లా గుచ్చితే, ఊరెళ్ళినప్పుడు మొక్కకు బొట్టుబొట్టుగా నీళ్ళందిస్తుంది. అదే సీసాలో యాసిడో, ఫినాయిలో, పెయింట్ థిన్నరో పోసి పెట్టామనుకోండి, పిల్లలకు అది కూల్‌డ్రింకే! చీకట్లో దాహమేసిన పెద్దలకూ నీళ్ళ సీసాయే.

పొరపాటున ఎవరైనా తాగితే ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించకండి. యాసిడ్ పైకి వస్తూ గొంతును మరోసారి కాలుస్తుంది. థిన్నర్ లాంటిదైతే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. సీసాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తాగినదేమిటో తెలిస్తే డాక్టరు పని సులువవుతుంది.

ఈ ఆదివారం ఇత్తడి సామాను తోమే ముందు బాత్‌రూమ్ అరలు ఓసారి వెతకండి. పైన ఒక పేరు, లోపల మరో సరుకు ఉన్న సీసా కనిపిస్తే ముందు దాని సంగతి చూడండి. ఇత్తడి బిందె సాయంత్రం దాకా ఆగుతుంది.