అడగకుండా మార్చిన అమరిక

2025 అక్టోబరు 14న పార్లమెంటు సమావేశాలు లేవు. అయినా ఆ రోజున ఈ దేశపు ప్రభుత్వ కార్యాలయాలలో, బ్యాంకులలో, పాఠశాలలలో, పత్రికా కార్యాలయాలలో ఉన్న అసంఖ్యాకమైన కంప్యూటర్లకు వర్తించే నిర్ణయమొకటి అమలులోకి వచ్చింది. విండోస్ 10కు మామూలుగా అందించే ఉచిత భద్రతా సవరణలను మైక్రోసాఫ్ట్ సంస్థ ఆనాటితో నిలిపివేసింది. ఈ నిర్ణయం ఢిల్లీలో తీసుకున్నది కాదు. అమెరికాలోని రెడ్‌మండ్‌లో తీసుకున్నది. రైసినా కొండ మీది మంత్రిత్వశాఖలలో కూర్చున్న గుమాస్తా మొదలు మండల కేంద్రంలోని మీసేవ నిర్వాహకుని వరకు దానికి కట్టుబడవలసినవారే.

భద్రత మాట వచ్చినప్పుడు ఎవరైనా ఏమంటారు? చాలామంది విండోస్ 11కు మారిపోయారు. ఇంకా మారుతూనే ఉన్నారు. మారిన వారిలో అనేకులకు మొదట తగిలిన దెబ్బ పెద్దదేమీ కాదు. తెర అడుగున ఉండే టాస్క్‌బార్ మీద తాము ఏళ్ల తరబడి అమర్చుకున్న టూల్‌బార్లు మాయమైనాయి. అంతే. పత్రికలలో పతాక శీర్షికకు ఎక్కవలసిన విషయం కాదనే నేనూ ఒప్పుకుంటాను. కాని చిన్న విషయాలలోనే అధికారం తన అసలు స్వభావాన్ని బయట పెట్టుకుంటుందన్నది రాజకీయ వార్తలు రాసే వారందరికీ అనుభవంలో ఉన్న సంగతి.

పోయినదేమిటో తెలియని పాఠకులకు కొంచెం వివరించాలి. 1995 ఆగస్టులో విడుదలైన విండోస్ 95తో స్టార్ట్ బటనూ, టాస్క్‌బారూ వచ్చాయి. 1998 నాటికి ఆ బద్దీ మీద క్విక్ లాంచ్ అనే చిన్న పట్టీ చేరింది. నిత్యం వాడే ప్రోగ్రాముల గుర్తులను అందులో వరుసగా పెట్టుకుంటే ఒక్క నొక్కుతో తెరుచుకునేవి. అంతేకాదు, తనకు కావలసిన ఏ ఫోల్డరునైనా టూల్‌బారుగా మార్చి అక్కడ ఉంచుకునే వీలు ఉండేది. పార్లమెంటు వార్తలు రాసేవారికి ఇది ఎంత ఉపకరించేదో చెప్పనక్కరలేదు. ఆ రోజు ప్రశ్నోత్తరాలు ఒకచోట, సభలో ప్రవేశపెట్టిన బిల్లులు ఒకచోట, స్థాయీ సంఘాల నివేదికలు ఒకచోట. జీరో అవర్‌లో గలభా చెలరేగిన క్షణాన కళ్లు తెర మీద వెతకనక్కర లేకుండానే చేయి తన దారిన తాను పోయేది.

2009లో వచ్చిన విండోస్ 7లో క్విక్ లాంచ్‌ను పక్కకు నెట్టారు. అయినా తెలిసినవారు దానిని తిరిగి తెచ్చుకునే మార్గం మిగిలింది. 2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11లో ఆ మార్గమూ మూసుకుపోయింది. టాస్క్‌బార్‌ను కొత్తగా నిర్మించారు. టూల్‌బార్లు లేవు. బద్దీని తెర పైకో, పక్కకో జరుపుకునే వీలు లేదు. ఫైలును లాక్కొచ్చి బద్దీ మీది గుర్తుపై వదిలే సౌకర్యమూ లేదు. వినియోగదారులు గగ్గోలు పెట్టిన మీదట ఈ చివరి సౌకర్యం 2022లో తిరిగి వచ్చింది. తెరిచి ఉన్న కిటికీల పేర్లను విడివిడిగా చూపించే ఏర్పాటు 2023లో తిరిగి వచ్చింది. తీసివేయడం తప్పనిసరియే అయితే తిరిగి ఎలా రాగలిగాయి? తిరిగి తేగలిగినవే అయితే అసలు తీసివేయడం ఎందుకు?

ఇది ఆ సంస్థకు కొత్త కాదు. 2007 నాటి ఆఫీస్ ప్యాకేజీలో పాత మెనూలను, టూల్‌బార్లను తొలగించి రిబ్బన్ అనే వెడల్పాటి పట్టీని పెట్టారు. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు స్టార్ట్ బటన్‌నే ఎత్తివేశారు. ఏడాది తిరగకుండానే 8.1లో ఆ బటన్‌ను మళ్లీ ప్రతిష్ఠించారు. 2015లో విండోస్ 10తో స్టార్ట్ మెనూ కూడా పునరాగమనం చేసింది. ఎన్నికలలో ఓడిన పార్టీ ప్రజాభిప్రాయాన్ని శిరసావహించినట్లు అప్పుడు కనిపించింది. ఆరేళ్లు గడిచేసరికి ఆ పాఠం మరపున పడింది.

దీనివల్ల నష్టమేమిటని అడిగేవారికి నా సమాధానం ఇది. పని నేర్చిన చేయి శ్రామికుని ఆస్తి. దానికి పట్టా ఉండదు, పన్ను ఉండదు; కాని ఉత్పత్తిలో దాని వాటా తక్కువది కాదు. నా తరం వారు చాలామంది టైపు ఇన్‌స్టిట్యూట్లలో ఎ, ఎస్, డి, ఎఫ్ అని వారాల తరబడి కొట్టి, నిమిషానికి 30 మాటలతో లోయరూ, 45 మాటలతో హయ్యరూ గట్టెక్కినవారు. ఆ సర్టిఫికెట్టుతో ఎన్ని వేల కుటుంబాలు కోస్తా నుంచీ, సీమ నుంచీ, తెలంగాణా నుంచీ ఉద్యోగాలకు కదిలి వచ్చాయో! ఆ చదువుకు విలువ ఎందుకు నిలిచింది? అమెరికాలో షోల్స్ రూపొందించగా 1874లో రెమింగ్టన్ కంపెనీ అమ్మకానికి పెట్టిన ఆ అక్షరాల వరుసను ఎవరూ తారుమారు చేయలేదు గనుక. ఇనుప యంత్రం పోయి విద్యుత్ యంత్రం వచ్చింది, అదీ పోయి కంప్యూటర్ వచ్చింది, చివరకు అద్దపు పలక మీది ఫోను వచ్చింది. వేళ్లకు తెలిసిన దారి మాత్రం అలాగే ఉంది.

కంప్యూటర్ లోకంలోనూ ఇటువంటి నిదర్శనం ఉన్నది. కత్తిరించడానికీ, నకలు తీయడానికీ, అతికించడానికీ, చేసినది రద్దు చేయడానికీ వాడే ఎక్స్, సి, వి, జెడ్ మీటలు 1980ల తొలినాళ్లలో ఆపిల్ కంప్యూటర్ల మీద స్థిరపడి, తర్వాత విండోస్‌లోకీ వచ్చాయి. నలభై ఏళ్లుగా ఎవరూ వాటి జోలికి పోలేదు. కనుక సాంకేతిక పురోగతికి పాత అలవాటు ఆటంకమన్న వాదం నిలవదు.

తెలుగు ముద్రణ రంగానికి ఈ బాధ కొత్తదేమీ కాదు. మన ఊళ్లలో డి.టి.పి. కేంద్రాలను ఏళ్ల తరబడి పోషించినది పేజ్‌మేకర్. పెండ్లి శుభలేఖ నుంచి దినపత్రిక పుట వరకు దానిలోనే కూర్చేవారు. 2001లో వచ్చిన 7.0 తర్వాత దానికి కొత్త రూపం రాలేదు. అడోబి సంస్థ తన దృష్టిని ఇన్‌డిజైన్ వైపు మళ్లించింది. అయితే అక్కడ ఒక మర్యాద పాటించారు. 2004లో పేజ్‌మేకర్ వాడకందారుల కోసమని ఇన్‌డిజైన్‌కు ప్రత్యేక రూపం తెచ్చి, అందులో పాత టూల్‌బారు వంటి పట్టీని ఇచ్చారు. పాత షార్ట్‌కట్ మీటలనే ఎంచుకునే వీలూ కల్పించారు. కొత్త ఇంటికి మారమన్నారు, కాని పాత గడప ఎత్తు మార్చలేదు. వ్యాపార సంస్థే ఇంతపాటి ఔదార్యం చూపగలిగినప్పుడు ఇది అసాధ్యమని ఎవరూ అనజాలరు.

ఎదుటి పక్షం వాదన కూడా వినాలి. భద్రతా ప్రమాదాలు నిజమైనవే. పాతికేళ్లుగా పేరుకున్న పాత ప్రోగ్రాము మీద కొత్త కట్టడం కట్టడం కష్టమే. ప్రతి పాత సౌకర్యాన్నీ మోసుకుపోవాలంటే ఖర్చు పెరుగుతుంది. తొలగించిన సౌకర్యాల జాబితాను మైక్రోసాఫ్ట్ ముందే ప్రకటించిన మాటా వాస్తవం. కాని గెజిట్‌లో ప్రకటించడం వేరు, ప్రజలను సంప్రదించడం వేరు. ఆ తేడా మన పాఠకులకు నేను చెప్పవలసిన పని లేదు.

ఇటువంటి సందర్భాలలో తరచు వినవచ్చే మరొక సమాధానం, “దానిని వాడేది కొద్దిమందే” అన్నది. ప్రజాస్వామ్యంలో ఇంతకంటె ప్రమాదకరమైన తర్కం లేదు. ప్రతి శుక్రవారం సభలో చివరి రెండున్నర గంటలు అనధికార సభ్యుల బిల్లులకూ, తీర్మానాలకూ కేటాయించి ఉంటుంది. 1970 తరువాత అటువంటి బిల్లు ఒక్కటైనా చట్టం కాలేదు. ఆ సమయానికి బల్లలు సగానికి పైగా ఖాళీగా కనిపించడం కద్దు. అయినా ఆ రెండున్నర గంటలను శాశ్వతంగా రద్దు చేద్దామని ఏ సభాపతీ అనలేదు. 2020 సెప్టెంబరులో, మహమ్మారి కారణం చూపి, ప్రశ్నోత్తరాల సమయాన్ని ఎత్తివేసినప్పుడు ప్రతిపక్షం ఎంత ఆందోళన చేసిందో మనకు తెలుసు. ఆ ఆందోళనకు ఒక వేదిక ఉంది. మరుసటి సంవత్సరం బడ్జెట్ సమావేశాలలో ప్రశ్నోత్తరాలు తిరిగి వచ్చాయి. కంప్యూటర్ ముందు కూర్చున్న గుమాస్తాకు ఏ వేదిక ఉంది?

మన రాజ్యాంగ వ్యవస్థలో మంత్రిత్వశాఖ తయారుచేసే నియమాన్ని సైతం పార్లమెంటు ముందు ఉంచాలి. మొత్తం 30 రోజులపాటు అది సభల పరిశీలనలో ఉంటుంది. మార్చమని గాని, రద్దు చేయమని గాని సభ చెప్పవచ్చు. అందుకోసం లోక్‌సభలో 1953 నుంచి ఒక ప్రత్యేక సంఘమే పనిచేస్తున్నది. ఆర్డినెన్సుకు సైతం, సభ తిరిగి సమావేశమైన ఆరు వారాల గడువు ఉన్నది. ఏ గడువూ, ఏ సంఘమూ, ఏ అభ్యంతరమూ లేని శాసనాధికారం ఈనాడు ఎవరి చేతిలోనైనా ఉన్నదంటే అది సాఫ్ట్‌వేర్ సంస్థల చేతిలోనే. రాత్రి కంప్యూటర్ కట్టి పడుకుంటే తెల్లవారేసరికి నియమం మారి ఉంటుంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకంలోనూ మార్పులు లేకపోలేదు. 2011లో లినక్స్ కంప్యూటర్లలో వాడే గ్నోమ్ అనే తెర అమరిక మూడవ రూపం వెలువడినప్పుడు పాత పట్టీలూ, మెనూలూ పోయాయి. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడే బహిరంగంగా ఆగ్రహించి వేరే అమరికకు మారాడు. అసమ్మతివాదులు ఊరుకోలేదు. పాత ప్రోగ్రామును తీసుకుని మాటే అనే వేరు కుంపటి పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తున్నది. అక్కడ పదవ షెడ్యూలు లేదు. ఫిరాయించినవాడి సభ్యత్వం పోదు. వినియోగదారునికి ఓటు లేని చోట చీలిపోయే హక్కయినా ఉండడం చిన్న రక్షణ కాదు.

మన ప్రభుత్వాలకు ఈ సంగతి బొత్తిగా తెలియదనలేము. సి-డాక్ సంస్థ 2007లోనే బాస్ అనే భారతీయ లినక్స్‌ను విడుదల చేసింది. కేరళ తన ప్రభుత్వ పాఠశాలల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌నే నిలబెట్టింది. 2023లో రక్షణ మంత్రిత్వశాఖ మాయా అనే స్వదేశీ వ్యవస్థకు మారుతున్నదని వార్తలు వెలువడ్డాయి. ఉద్యోగులకు తేడా తెలియకుండా దాని తెరను విండోస్‌ను పోలినట్లే ఉంచారని ఆ వార్తల సారాంశం. సైన్యం వారికి అర్థమైన సూత్రం ఇది: సిపాయి చేతికి కొత్త తుపాకి ఇచ్చినా మీట ఉండవలసిన చోటనే ఉండాలి. అలవాటు లేని ఔపాసనం చేస్తే మీసాలు కాలుతాయన్న సామెత ఊరికే పుట్టలేదు.

విషయం పట్టీతో ఆగదు. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, కొంత కొత్త ప్రాసెసర్ కావాలి. చక్కగా పనిచేసే కంప్యూటర్లు ఎన్నో ఈ పరీక్షలో తప్పాయి. వాటిలో కొన్ని సీలంపూర్ గల్లీలలో చేతులతో పగలగొట్టే చెత్తగా చేరక మానవు. కొత్తవి కొనడానికి అయ్యే ఖర్చులో పన్ను చెల్లించేవాని వాటా ఉండనే ఉంటుంది.

ఏమి చేయవచ్చు? ఐరోపా అనుభవం ఒక దారి చూపింది. విండోస్ 10కు మరొక ఏడాది భద్రతా సవరణలు కావాలంటే 30 డాలర్లు గాని, సంస్థ ఇచ్చే పాయింట్లు గాని చెల్లించాలి. లేదా తమ సెట్టింగులను సంస్థ క్లౌడులో భద్రపరచాలి అన్నారు. ఐరోపాలోని వినియోగదారుల సంఘం ఆక్షేపణ తెలిపిన తరువాత అక్కడి ఆర్థిక మండలంలో సవరణలను ఉచితంగా ఇస్తామని, సెట్టింగుల షరతును సడలిస్తామని 2025 సెప్టెంబరులో సంస్థ దిగివచ్చింది. అడిగినవారికి దక్కింది. మనం అడగలేదు.

భారత ప్రభుత్వం ఈ సంస్థలకు మామూలు ఖాతాదారు కాదు. కొనుగోలు ఒప్పందాలలో మూడు షరతులు చేర్చవచ్చునని నా అభిప్రాయం. తొలగించబోయే ప్రతి సౌకర్యాన్నీ ఏడాది ముందు కొనుగోలుదారుకు తెలియజేయాలి. పాత అమరికను కోరినవారికి కనీసం ఐదేళ్లపాటు ఐచ్ఛికంగా అందించాలి. భద్రతా సవరణలను రూపురేఖల మార్పులతో ముడిపెట్టకూడదు. తాళం బాగు చేయడానికి వచ్చినవాడు వంటిల్లు మార్చిపోవడం న్యాయం కాదు. ఈ విషయాన్ని కమ్యూనికేషన్లు, సమాచార సాంకేతిక శాఖలకు చెందిన స్థాయీ సంఘం పరిశీలనకు చేపట్టడం ఉచితం. అందులో మన తెలుగు సభ్యులు చొరవ చూపితే ఇంకా సంతోషం. సాఫ్ట్‌వేర్ రాజధానిగా హైదరాబాదు పేరును ప్రతి ఉపన్యాసంలోనూ వల్లించే మన నాయకులకు, ఆ సాఫ్ట్‌వేర్‌ను రోజంతా వాడే సామాన్య ఉద్యోగి ఇబ్బంది పట్టకపోవడం విడ్డూరం.

నెహ్రూ ప్లేస్ దుకాణాలలో పాత పట్టీని తిరిగి తెచ్చిపెట్టే చిట్కాలు తెలిసిన కుర్రవాళ్లు దొరుకుతారు. బయటివారు రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములూ ఉన్నాయి. కాని తదుపరి అప్‌గ్రేడ్‌తో అవి పనిచేస్తాయన్న భరోసా లేదు. పౌరునికి తన పనిముట్టు మీద హక్కు ఉండాలి. గల్లీ చిట్కాల మీద ఆధారపడవలసిన గతి పట్టకూడదు. ఆ హక్కును చట్టసభ గుర్తించేవరకు, ప్రతి అప్‌గ్రేడ్ మరునాడు, మన ఉద్యోగులు చేతికి వచ్చిన పనిని మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటూనే ఉంటారు.