వయోమింగు గవర్నరు నెల్లీ రాస్

అమెరికా సంయుక్తరాష్ట్రములలో మొట్టమొదట గవర్నరు పదవి నధిష్ఠించిన స్త్రీ నెల్లీ టేలో రాస్. ఆమె యెన్నికను గూర్చి యీ మాసమున ముచ్చటింప దలచితిమి.

వయోమింగు రాష్ట్రము పశ్చిమప్రాంతమున కొండలతోడను, పచ్చికబయళ్లతోడను నిండినది. స్త్రీలకు వోటుహక్కు దేశమంతటను 1920లో గాని లభింపలేదు. వయోమింగులో 1869లోనే లభించెను. అయినను వోటు వేయుట వేఱు, ఏలుట వేఱు. అర్ధశతాబ్దము గడచినను గవర్నరు పీఠము స్త్రీకి దక్కలేదు.

1924 అక్టోబరు 2వ తేదీన గవర్నరు విలియం రాస్ శస్త్రచికిత్సానంతరము మరణించెను. చట్టప్రకారము శేషకాలమునకు నవంబరులోనే యెన్నిక జరుపవలసివచ్చెను. డెమొక్రాటిక్ పక్షమువారు ఆయన భార్యయగు నెల్లీని నిలిపిరి. ఆమె ముగ్గురు కుమారుల తల్లి. వివాహమునకు పూర్వము పసిపిల్లల బడిలో ఉపాధ్యాయిని. శోకమున మునిగియున్న యామె ఊరూర తిరిగి వోట్ల నడుగలేదు. ప్రజలకు రెండు బహిరంగలేఖలు మాత్రము వ్రాసెను. నవంబరు 4న రిపబ్లికన్ అభ్యర్థి యూజీన్ సల్లివన్‌పై సుమారు 8 వేల వోట్ల యాధిక్యముతో గెలిచెను. అదే దినమున టెక్సాసులో మిరియం ఫెర్గూసన్ కూడ గెలిచినది. కాని నెల్లీ 1925 జనవరి 5ననే, ఆమెకంటె 15 దినములు ముందుగా, పదవి స్వీకరించెను.

ప్రజలు జాలిచే వోటు వేసిరని కొందఱందురు. అందు కొంత సత్యము లేకపోలేదు. కాని జాలి పీఠ మెక్కింపగలదు గాని పాలన నేర్పజాలదు. పన్నుల తగ్గింపునకును, బ్యాంకుల సంస్కరణమునకును, బీదరైతుల సహాయమునకును, గనికార్మికుల రక్షణమునకును ఆమె పాటుపడెను. 1926లో తిరిగి పోటీచేసి, 1,400కు లోపు వోట్ల తేడాతో నోడిపోయెను. ఆ యోటమియే మాకు గెలుపుకంటె గొప్పదిగ తోచుచున్నది. ఏలయన, ఈ పర్యాయము ప్రజలు తూచినది వితంతువును గాదు, పాలకురాలిని. రిపబ్లికన్లు బలవంతులైన సీమలో నామె త్రాసు మొగ్గు స్వల్పమాత్రమే తగ్గెను.

1933లో నామె దేశపు టంకశాల కధ్యక్షురాలై 1953 వఱకు నా పదవి నిర్వహించెను. 1977లో, 101 యేండ్ల వయస్సున, పరమపదించెను.

అయినను ఒక్కమాట. 2024తో నా యెన్నికకు నూఱేండ్లు నిండెను. అప్పటివఱకును వయోమింగులో మఱియొక స్త్రీ గవర్నరు కాలేదు. ఒక్కతె నడచినంతమాత్రమున బాట పడదు; వెనుక పదిమంది నడువవలెను.